దత్తాంశాలకు గణిత పునాది – ఎడ్గార్ కాడ్

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించిన పండితులకు ఒక చిక్కు బాగా తెలుసు. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరికితే పదింటిలోనూ పాఠం ఒకే రీతిగా ఉండదు. ఒక లేఖకుడు అక్షరం జారవిడుస్తాడు. మరొకడు అర్థం కాని పదాన్ని తీసివేసి తనకు తోచిన పదాన్ని చేరుస్తాడు. ఏది కవి రాసినది, ఏది లేఖకుడు చేర్చినది అని తేల్చడానికి పరిష్కర్తలు ఏళ్లకేళ్లు శ్రమించారు. ఒకే విషయం పలుచోట్ల రాసి ఉన్నప్పుడు ఆ ప్రతులు ఏదో ఒకనాడు పరస్పరం విభేదించక తప్పదు. 1960వ దశకంలో బ్యాంకుల ఖాతాలు, కర్మాగారాల సరకుల పట్టీలు, విమాన ప్రయాణికుల జాబితాలు కంప్యూటర్లలోకి చేరసాగినప్పుడు ఈ పాత చిక్కే కొత్త రూపంలో ఎదురైంది. దానికి గణితశాస్త్రంలో పరిష్కారం వెదకినవారు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్.

కాడ్ 1923వ సంవత్సరం ఆగస్టు నెలలో ఇంగ్లండు దక్షిణ తీరాన, డోర్సెట్ ప్రాంతంలోని పోర్ట్‌లాండ్ దీవిలో జన్మించారు. తండ్రి తోలు పరిశ్రమ నడిపేవారు, తల్లి ఉపాధ్యాయిని. ఏడుగురు సంతానంలో ఆయనే కడగొట్టువారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎక్సెటర్ కళాశాలలో చేరి మొదట రసాయనశాస్త్రం, తరువాత గణితశాస్త్రం అభ్యసించారు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. విద్యార్థిగా సైనిక సేవ నుండి మినహాయింపు పొందే అవకాశం ఉన్నా ఆయన దానిని కోరలేదు. స్వచ్ఛందంగా బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, సముద్రతీర రక్షణ విభాగంలో సండర్లాండ్ అనే భారీ జలవిమానాలను నడిపారు. విమానయానంపై ఆనాడు కలిగిన మక్కువ ఆయనను జీవితాంతం వీడలేదు.

యుద్ధం ముగిసిన పిదప చదువు పూర్తిచేసి, 1948లో అమెరికా చేరుకున్నారు. న్యూయార్కులోని ఒక పెద్ద దుకాణంలో కొంతకాలం పురుషుల దుస్తులు అమ్మారు. ఆ తరువాత టెనసీ విశ్వవిద్యాలయంలో కొద్ది నెలలు గణితం బోధించారు. 1949లో ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రాములు రాసే గణితజ్ఞునిగా చేరారు. అప్పట్లో ఆ సంస్థ న్యూయార్కు నగరంలో ఎస్.ఎస్.ఇ.సి. అనే మహాయంత్రాన్ని, వీధిలో పోయేవారికి అద్దాల గుండా కనిపించే విధంగా నెలకొల్పింది. కాడ్ గారి కంప్యూటరు జీవితం ఆ యంత్రం వద్దనే ఆరంభమైంది.

ఆ రోజులలో అమెరికాలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ ప్రాబల్యం సాగుతున్నది. కమ్యూనిస్టులన్న అనుమానంతో ఉద్యోగులను, కళాకారులను, ఆచార్యులను విచారణల పాలుచేస్తున్న కాలమది. యుద్ధంలో ప్రాణాలొడ్డి పోరాడిన కాడ్‌కు ఈ ధోరణి మింగుడుపడలేదు. 1953లో మంచి ఉద్యోగాన్ని వదలి కెనడా రాజధాని ఒట్టావాకు వెళ్లిపోయారు. అక్కడ క్షిపణి కార్యక్రమానికి సంబంధించిన గణనల విభాగంలో పనిచేసి, 1957లో తిరిగి ఐ.బి.ఎం.కు వచ్చారు. నమ్మినదాని కోసం సుఖమైన స్థానాన్ని కాదనుకోవడం ఆయన జీవితంలో ఇది మొదటిసారి. కడపటిసారి మాత్రం కాదు.

తిరిగి వచ్చాక స్ట్రెచ్ అనే వేగవంతమైన కంప్యూటరుపై ఒకేసారి పలు ప్రోగ్రాములు నడిచే విధానాన్ని రూపొందించే బృందంలో పనిచేశారు. సంస్థ ఇచ్చిన ఉపకార వేతనంతో మిషిగన్ విశ్వవిద్యాలయంలో చేరి, నలభై ఏళ్లు దాటిన వయసులో, 1965లో డాక్టరేటు పొందారు. తనను తాను పునరుత్పత్తి చేసుకోగల యంత్రం సిద్ధాంతరీత్యా సాధ్యమేనని గణితజ్ఞుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ అంతకుముందే నిరూపించి ఉన్నారు. ఆయన నిర్మాణంలో ఒక్కొక్క గడికి 29 స్థితులు అవసరమయ్యాయి. కాడ్ ఆ పనిని 8 స్థితులతోనే సాధించి చూపారు. క్లిష్టమైనదానిని సరళం చేసి, సారం చెడకుండా నిలపడం ఆయన బుద్ధికి సహజ లక్షణం. తరువాతి కాలంలో ఆయనకు కీర్తి తెచ్చిన పనిలోనూ ఈ లక్షణమే కనిపిస్తుంది.

ఆ తరువాత కాడ్ కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనాలయానికి మారారు. అక్కడ ఆయన దృష్టిని ఆకర్షించినవి నాటి డేటాబేసులు. వాటిలో అగ్రగణ్యమైనది ఐ.బి.ఎం. సంస్థదే అయిన ఐ.ఎం.ఎస్. మానవుని చంద్రునిపైకి పంపిన అపోలో కార్యక్రమంలో రాకెట్టుకు కావలసిన లక్షలాది విడిభాగాల లెక్క చూడడానికి అది పుట్టింది. దాని నిర్మాణం తలకిందులుగా నిలిచిన వృక్షాన్ని పోలి ఉంటుంది. రాకెట్టు మూలం, దాని కింద ప్రధాన భాగాలు, వాటి కింద ఉపభాగాలు, చిట్టచివర మరలు, మేకులు. ఒక ప్రధాన భాగంలో ఏమేమి ఉన్నాయో తెలుసుకోవాలంటే పైనుండి కిందికి దిగితే చాలు. కాని ఫలానా మర ఏయే భాగాలలో వాడారో చెప్పమంటే కథ మారిపోతుంది. ఆ ప్రశ్నకు అనువైన దారిని ముందుగానే వేసి ఉంచకపోతే చెట్టంతా కొమ్మకొమ్మా గాలించవలసిందే.

ఇంతకంటె పెద్ద కష్టం మరొకటి ఉన్నది. ప్రోగ్రాము రాసేవారికి దత్తాంశం యంత్రంలో ఏ మూల, ఏ వరుసలో, దేని వెనుక దాగి ఉన్నదో తెలిసి ఉండాలి. ఆ దారి అంతా ప్రోగ్రాములోనే రాసి ఉంటుంది. నిర్వాహకుడు స్థలం చాలకనో, వేగం కోసమో లోపలి అమరికను కొద్దిగా మార్చితే, నిన్నటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రాములు నేడు కుప్పకూలేవి. సంస్థలలో నిపుణుల కాలంలో అధికభాగం కొత్త పనులకు గాక, ఈ పాత ప్రోగ్రాముల మరమ్మతుకే ఖర్చయ్యేది. గ్రంథాలయంలో బీరువాను ఈ గోడ నుండి ఆ గోడకు జరిపినంత మాత్రాన పాఠకులందరూ చదవడం మళ్లీ నేర్చుకోవలసి వస్తే ఎంత విడ్డూరంగా ఉంటుందో, ఇదీ అంతే.

ఈ పరిస్థితిని కాడ్ గణితజ్ఞుని కంటితో చూశారు. జూనియర్ కళాశాల గణితంలో విద్యార్థులు చదివే సమితులు, సంబంధాలు అన్న భావనలే ఆయనకు ఆధారమయ్యాయి. దత్తాంశాలన్నింటినీ పట్టికలుగా భావించవచ్చునని, పట్టికలోని ప్రతి అడ్డవరుసా ఒక సత్యాన్ని తెలిపే వాక్యమని, ఆ వరుసల సమితియే గణితంలో సంబంధమని ఆయన ప్రతిపాదించారు. వరుసలు ఏ క్రమంలో ఉన్నా అర్థం మారదు. ఒక వరుసను మరొక వరుస నుండి వేరుచేయడానికి దాని స్థానం పనికిరాదు. దానికే సొంతమైన ఒక విలువ కావాలి. పరీక్షలకు హాజరయ్యే వేలమంది విద్యార్థులలో ఒకే పేరుగలవారు ఎందరో ఉండవచ్చును. హాల్ టికెట్ నంబరు మాత్రం ఒక్కరికే చెందుతుంది. కాడ్ పద్ధతిలో ప్రతి పట్టికకూ అటువంటి గుర్తింపు విలువ తప్పనిసరి. దానికి ప్రైమరీ కీ అని పేరు.

1969లో సంస్థలోపలి నివేదికగా వెలువడిన ఈ ఆలోచన, 1970 జూన్ నెలలో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘం పత్రికలో వ్యాసంగా ప్రకటితమైంది. పదకొండు పుటల ఆ వ్యాసం డేటాబేసుల చరిత్రను రెండు యుగాలుగా విభజించిందనడం అతిశయోక్తి కాదు. వాడుకరి తనకు ఏమి కావాలో చెబితే చాలు; దానిని ఎలా వెదకాలో నిర్ణయించుకునే భారం యంత్రానిదే అన్నది అందులోని సారాంశం.

1971లో, తరువాతి రెండు మూడేళ్లలో కాడ్ రాసిన వ్యాసాలు డేటాబేసును ఎలా ప్రణాళికాబద్ధంగా నిర్మించాలో వివరించాయి. నేటి సాఫ్ట్‌వేర్ నిపుణులు నిత్యం వాడే నార్మలైజేషన్ అన్న ప్రక్రియ పూర్తి రూపు దిద్దుకున్నది అప్పుడే. పేరు గంభీరంగా ఉన్నా విషయం కళాశాల కార్యాలయంలో ప్రతివారికీ అనుభవంలోకి వచ్చేదే.

ఒక కళాశాలలో గుమాస్తా ఒకే పెద్ద రిజిస్టరు పెట్టాడనుకొందాం. అందులో ప్రతి వరుసలోనూ విద్యార్థి నంబరు, పేరు, చిరునామా, చదివే పాఠ్యాంశం, దానిని బోధించే అధ్యాపకుని పేరు, ఆయన గది సంఖ్య రాస్తున్నాడు. ఆరు పాఠ్యాంశాలు చదివే విద్యార్థికి ఆరు వరుసలు, చిరునామా ఆరుసార్లు. ఆ కుటుంబం ఇల్లు మారింది. గుమాస్తా అయిదుచోట్ల దిద్ది ఆరవచోట మరచాడు. ఇక ఏ చిరునామా నిజమైనదో రిజిస్టరే చెప్పలేదు. తాళపత్రాలలోని పాఠభేదం ఇక్కడా పుట్టింది. కళాశాల కొత్తగా ఒక పాఠ్యాంశం ప్రవేశపెట్టింది, అధ్యాపకుడు వచ్చారు, విద్యార్థులు ఇంకా చేరలేదు. విద్యార్థి నంబరు లేకుండా వరుస రాయడం ఎలా? ఆ అధ్యాపకుడు కళాశాలలో ఉన్నా రిజిస్టరులో లేడు. మరొక పాఠ్యాంశంలో ఒకే ఒక విద్యార్థిని ఉంది. ఆమె కళాశాల మారింది. ఆమె వరుస కొట్టివేయగానే ఆ పాఠ్యాంశమూ, దాని అధ్యాపకుడూ కూడా కనుమరుగయ్యారు.

గుమాస్తా అశ్రద్ధను నిందించి ఇటువంటి చోట ప్రయోజనం లేదని కాడ్ గ్రహించారు. దోషం రిజిస్టరు రూపకల్పనలోనే ఉన్నది. చిరునామా విద్యార్థికి సంబంధించినది. గది అధ్యాపకునికి సంబంధించినది. రెండింటినీ ఒకేచోట కట్టివేయడమే పొరపాటు. విద్యార్థుల పట్టిక ఒకటి, పాఠ్యాంశాల పట్టిక ఒకటి, అధ్యాపకుల పట్టిక ఒకటి, ఎవరు ఏమి చదువుతున్నారో నంబర్ల ద్వారా మాత్రమే తెలిపే పట్టిక మరొకటి ఏర్పరచితే, ప్రతి విషయమూ ఒక్కచోటనే ఉంటుంది. చిరునామా ఒకేసారి దిద్దవచ్చును. కావలసినప్పుడు పట్టికలను కలిపి పూర్తి వివరం పొందవచ్చును. ఈ విభజనను అంచెలంచెలుగా చేసే నియమాలకే ప్రథమ, ద్వితీయ, తృతీయ నార్మల్ రూపాలని పేర్లు. ఆచరణలో వేగం కోసం నిపుణులు ఈ నియమాలను అక్కడక్కడా సడలిస్తారు. అయితే నియమం తెలిసి, లాభనష్టాలు తూచి చేసే సడలింపు వేరు. నియమమే తెలియక చేసే గజిబిజి వేరు. మొదటిదానిని ప్రణాళిక అంటారు.

ఇంత ఉపయోగకరమైన ఆలోచనకు సొంత సంస్థలోనే ఆదరణ లభించలేదు. కారణం స్పష్టమే. ఐ.ఎం.ఎస్. వల్ల ఐ.బి.ఎం.కు గణనీయమైన ఆదాయం వస్తున్నది. దానిని కాదనే సిద్ధాంతాన్ని సొంత ఉద్యోగియే ప్రచారం చేయడం యాజమాన్యానికి రుచించలేదు. పట్టికల పద్ధతి కాగితంపై అందంగా ఉంటుందే తప్ప యంత్రంపై నత్తనడక నడుస్తుందని ఇంజనీర్లు వాదించారు. ఆ సందేహం అప్పటికి నిరాధారమూ కాదు. యంత్రం తానే దారి వెదకుకోగలదని ఎవరూ చేసి చూపలేదు. కాడ్ మాత్రం వెనుకంజ వేయలేదు. సంస్థ ఖాతాదారులకే తన ఆలోచనను నేరుగా వివరించి, వారిచేత అడిగించి ఒత్తిడి తెచ్చారు. ఉద్యోగికి ఇది సాహసమే.

1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో కాడ్‌కు, చార్లెస్ బాక్‌మన్‌కు మధ్య జరిగిన సంవాదం ప్రసిద్ధమైనది. బాక్‌మన్ సామాన్యుడు కాడు. దత్తాంశాల మధ్య వలవంటి అనుసంధానాలను నిర్మించిన మేధావి. అంతకు ముందు సంవత్సరమే కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం పొందినవారు. ప్రోగ్రామరు సముద్ర నావికునివలె దత్తాంశాల నడుమ దారి చూసుకొంటూ సాగాలన్నది ఆయన మతం. నావికుడే అవసరం లేదన్నది కాడ్ మతం. ఆనాటి సభలో ఎవరు గెలిచారన్నదానికంటె, అక్కడి యువ పరిశోధకులు పలువురు కాడ్ వైపు మొగ్గడమే ఆ సంవాదానికి మిగిలిన ఫలితం.

శాన్ హోసేలోనే సిస్టమ్ ఆర్ అనే ప్రయోగం ఆరంభమైంది. అందులో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనే యువకులు సామాన్య ఆంగ్ల పదాలతో డేటాబేసును ప్రశ్నించే భాషను సృష్టించారు. అదే నేటి ఎస్.క్యూ.ఎల్. కాడ్‌తో కలసి మరొక నార్మల్ రూపానికి తన పేరు ఇచ్చిన బాయిస్, తన కృషి ఫలించక మునుపే 1974లో అకాల మరణం పొందారు. అదే బృందంలోని పట్రీషియా సెలింగర్, ఆమె సహచరులు ఒక ప్రశ్నకు ఉన్న పలుదారులలో ఖర్చు తక్కువైనదానిని యంత్రమే లెక్కగట్టి ఎంచుకునే పద్ధతిని 1979లో ప్రకటించారు. నత్తనడక అన్న ఆక్షేపణకు అదే తగిన సమాధానం. నేడు డేటాబేసు నిర్వాహకుడు రాత్రివేళ ఒక కొత్త సూచికను చేర్చితే, ఉదయం గుమాస్తా అడిగే ప్రశ్నలో ఒక్క అక్షరమూ మారదు. జవాబు మాత్రం త్వరగా వస్తుంది. కాడ్ కోరుకున్న స్వాతంత్ర్యం ఇదే.

విచిత్రమేమంటే, ఈ ఫలాన్ని ముందుగా అనుభవించినది ఐ.బి.ఎం. కాదు. కాడ్ వ్యాసాలు బహిరంగంగా అచ్చయినవే గనుక ఎవరైనా చదువుకోవచ్చును. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ వాటిని చదివి ఇంగ్రెస్ అనే వ్యవస్థను నిర్మించారు. లారీ ఎలిసన్, మరి ఇద్దరు మిత్రులు 1977లో ఒక చిన్న సంస్థ స్థాపించి, 1979లో ఒరాకిల్ డేటాబేసును విపణికి తెచ్చారు. మొదటి కూర్పుకే రెండవ కూర్పు అని పేరు పెట్టడం వారి వ్యాపార చాతుర్యం. ఐ.బి.ఎం. తన మొదటి ఉత్పత్తిని 1981లో, డి.బి.2ను 1983లో విడుదల చేసేనాటికి పొరుగువారు పొలం దున్ని విత్తనాలు చల్లి ఉన్నారు. హైదరాబాదు అమీర్‌పేటలో ఒరాకిల్ శిక్షణ కోసం బారులు తీరిన తెలుగు యువతీయువకుల బతుకుతెరువుకు మూలం వెదికితే, ఆ దారి ఈ పదకొండు పుటల వ్యాసానికే చేరుతుంది.

1981లో కాడ్‌కు ట్యూరింగ్ పురస్కారం లభించింది. అయినా ఆయనకు తృప్తి లేదు. ఎస్.క్యూ.ఎల్. తన సిద్ధాంతాన్ని పూర్తిగా పాటించలేదని ఆయన నమ్మకం. సమితిలో ఒకే సభ్యుడు రెండుసార్లు ఉండరాదు, ఎస్.క్యూ.ఎల్. పట్టికలో ఒకే వరుస రెండుసార్లు ఉండవచ్చును. ఇటువంటి సడలింపులు చిన్నవిగా కనిపించినా, పునాదిలోని పగుళ్లని ఆయన భావించారు. 1984లో ఐ.బి.ఎం.ను వీడి, సన్నిహితుడు క్రిస్ డేట్‌తో కలసి సలహా సంస్థను నడిపారు.

అప్పటికి పట్టికల పద్ధతికి గిరాకీ పెరిగి, పాత సరకుకే కొత్త పేరు తగిలించి అమ్మేవారు బయలుదేరారు. కాడ్ 1985లో ఒక వారపత్రికలో అసలైన సంబంధ డేటాబేసుకు ఉండవలసిన లక్షణాలను ప్రకటించారు. అవి పన్నెండు సూత్రాలుగా ప్రసిద్ధికెక్కాయి. లెక్కిస్తే పదమూడు, గణితజ్ఞుడు గనుక సున్నా నుండి లెక్క మొదలుపెట్టారు. పట్టిక పేరు, గుర్తింపు విలువ, నిలువు వరుస పేరు చెబితే ఏ దత్తాంశమైనా చిక్కాలని ఒక సూత్రం. తెలియని విలువను సున్నాతోనో, ఉత్త ఖాళీతోనో కప్పిపుచ్చక, తెలియదని స్పష్టంగా చూపే పద్ధతి ఉండాలని మరొకటి. ఒక వ్యక్తి ఫోన్ నంబరు తెలియకపోవడం వేరు, ఆ వ్యక్తికి అసలు ఫోనే లేకపోవడం వేరు అని తరువాత 1990లో రాసిన గ్రంథంలో ఇంకా సూక్ష్మంగా విభజించారు. ఈ తెలియని విలువల విషయంలో ప్రియమిత్రుడు డేట్ కూడా ఆయనతో ఏకీభవించలేదు. ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు.

ఆయన జీవితంలో ఒక మచ్చ కూడా ఉన్నది. 1993లో వ్యాపార విశ్లేషణకు తగిన డేటాబేసులపై కాడ్, ఆయన సహచరులు పన్నెండు నియమాలతో ఒక పత్రం వెలువరించారు. అందులోని నియమాలకు చక్కగా సరిపోయే ఉత్పత్తిని అమ్మే సంస్థయే ఆ పనికి ధనసహాయం చేసిందని తరువాత తెలిసింది. దానితో విమర్శలు చెలరేగాయి. సిద్ధాంత శుద్ధి కోసం ఇరవై ఏళ్లు పోరాడిన వ్యక్తి విషయంలో ఇది విచారకరమే. అయితే అక్కడ ప్రచారంలోకి వచ్చిన ఓ.ఎల్.ఎ.పి. అన్న పేరు మాత్రం శాస్త్రంలో స్థిరపడింది.

2003వ సంవత్సరం ఏప్రిల్ 18వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రంలోని విలియమ్స్ ఐలండ్‌లో తన స్వగృహంలో, 79వ ఏట, హృదయ వైఫల్యంతో కాడ్ కన్నుమూశారు. డేటాబేసు పరిశోధకులు ఏటా ఇచ్చే నవకల్పనల పురస్కారానికి 2004లో ఆయన పేరు పెట్టారు. ఆయన ఏ విధానంపై పోరాడారో, ఆ ఐ.ఎం.ఎస్. కూడా ఆయన అనంతరం మూతపడలేదు. అపోలో నాటి ఆ వృక్షం కొన్ని పెద్ద బ్యాంకుల కంప్యూటర్లలో పట్టికల పక్కనే నేటికీ పనిచేస్తున్నది.